చుక్కల ముగ్గు చెయ్యి, ఒంకర వేపాకు: పది నెలల నేచర్ జర్నల్ కేస్

ఆగస్టు మొదటి ఆదివారం, నా డ్రాయింగ్ క్లాసులో కొత్తగా చేరిన ఒకామె నా ముందు పెట్టిన పేజీలో ఒక వేపాకు బొమ్మ ఉంది. గీత శుభ్రంగా ఉంది. ఈనెకు అటు ఎంత వెడల్పో ఇటూ అంతే. అంచు మీది పళ్ళు కూడా రెండు పక్కలా లెక్క తప్పలేదు. బల్ల మీద, పేజీ పక్కనే, ఆమె చూస్తూ గీసిన రెమ్మ ఉంది. ఆ రెమ్మకు పద్నాలుగు ఆకులు. ఒక్కటి కూడా ఆ బొమ్మలా లేదు.

పదహారేళ్ళుగా డ్రాయింగ్ చెబుతున్నాను. మొదటి పదేళ్ళు స్కూల్లో, ఆ తర్వాత హైదరాబాద్‌లోనే పెద్దవాళ్ళకు, ఆదివారాలు పార్కుల్లో, చెరువు గట్ల మీద. ఎదురుగా ఉన్నదాన్ని చూస్తూనే వేరేది గీయడం అనే ఇబ్బంది దాదాపు అందరికీ ఉంటుంది. ఈమె విషయంలో దాని కారణాన్ని నేను మొదట తప్పుగా అంచనా వేశాను. దానివల్ల ఆమె ఒక నెల బాధపడింది. ఆ తప్పు ఎలా జరిగిందో, ఎలా దిద్దుకున్నామో ఇంకో టీచర్‌కి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను. ఆమె అనుమతి తీసుకున్నాను, రాసింది చదివి వినిపించాను. పేరు, ఉండే కాలనీ రాయడం లేదు.

నేచర్ జర్నల్ గురించి కొత్తవాళ్ళ కోసం ఒక్క మాట. బయటికి వెళ్ళి, కంటి ముందున్న ఆకునో పురుగునో పిట్టనో అక్కడే గీసి, పక్కన తేదీ, చోటు, ఎండా వానా, కొలత, లెక్క, వచ్చిన అనుమానం రాసుకునే పుస్తకం అది. బొమ్మ అందంగా వస్తే సంతోషమే. కానీ ఆ రోజు ఏం చూశామో పేజీ చెప్పగలగాలి.

వచ్చినప్పటి పరిస్థితి

ఆమెకు 61 ఏళ్ళు. ప్రభుత్వ ఆఫీసులో అకౌంట్స్ చూసి రిటైరయ్యారు. పుట్టి పెరిగింది నల్గొండ జిల్లాలో ఒక పల్లె. ఇప్పుడుండే అపార్ట్‌మెంట్ వెనక ఒక పాత వేపచెట్టు ఉంది, దాని కొమ్మలు రెండో అంతస్తులో వాళ్ళ బాల్కనీ గోడను తాకుతుంటాయి. నా దగ్గరకు రాకముందు మూడు నెలలు ఒకచోట పెయింటింగ్ క్లాసుకు వెళ్ళారు. అక్కడి టీచర్ ఆమె పేజీ మీద తన బ్రష్‌తోనే దిద్దేవారట. "ఇంటికి తెచ్చుకున్న బొమ్మలు బాగుండేవి మేడమ్, కానీ అవి నావి కావు" అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతులో కోపం లేదు, బెంగ ఉంది.

మొదటి రోజు ఎవరికైనా మూడు పనులిస్తాను: ఒక ఆకు, ఒక రాయి, దూరంగా ఒక చెట్టు. ఒక్కోదానికి ఇరవై నిమిషాలు. ఆమె ఫైల్లో నేను ఆ రోజు రాసుకున్నవి ఇవి. గీత స్థిరంగా ఉంది, కొత్తవాళ్ళు సాధారణంగా వేసే వెంట్రుకల్లాంటి తునక గీతలు లేవు. రబ్బరు ఒక్కసారీ వాడలేదు. రాయి లడ్డూలా గుండ్రంగా వచ్చింది. చెట్టు నిలువు కర్ర మీద గుండ్రటి పొద. రంగు ట్యూబులో ఉన్న ఆకుపచ్చే, ఆకుకీ చెట్టుకీ గడ్డికీ ఒకటే. పక్కన రాత ఏమీ లేదు, తేదీ కూడా.

కింద నా నిర్ధారణ ఒక్క ముక్కలో రాశాను: "భయం. జాగ్రత్త ఎక్కువ. చెయ్యి వదులు కావాలి."

నా తప్పు

భయం అనుకున్నాను కాబట్టి భయానికి మందు వేశాను. కాగితం వైపు చూడకుండా, కళ్ళు ఆకు అంచు మీదే పెట్టి, కన్ను ఎంత మెల్లగా కదిలితే పెన్సిల్ అంత మెల్లగా కదిలిస్తూ గీసే ఎక్సర్‌సైజ్ ఒకటుంది. డ్రాయింగ్ నేర్పేవాళ్ళందరికీ తెలిసిందే. బొమ్మ అష్టవంకరలు పోతుంది, కానీ కన్ను నిలబడడం అలవాటవుతుంది. చాలామందికి బాగా పనిచేస్తుంది. ఈమెకు వరసగా మూడు ఆదివారాలు అదే ఇచ్చాను. మొదటి వారం నవ్వారు. రెండో వారం నవ్వలేదు. మూడో వారం పేజీని మూసేసి సంచిలో పెట్టుకున్నారు. నాలుగో వారం రాలేదు.

ఫోన్ చేశాను. కాసేపు అటూ ఇటూ మాట్లాడాక అన్నారు: "ఏమనుకోకండి మేడమ్. నా చెయ్యి పాడైపోతున్నట్టుంది."

ఫోన్ పెట్టేశాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. చెయ్యి పాడవుతుందని బాధపడే మనిషికి అంతకుముందు మంచి చెయ్యి ఉండి ఉండాలి కదా. మళ్ళీ ఫోన్ చేసి అడిగాను. "అమ్మా, మీ చెయ్యి బాగుందని మీకు ఎప్పుడు అనిపించేది?" ఆలోచించకుండానే జవాబిచ్చారు. ముగ్గు. ధనుర్మాసం నెల రోజులూ వాకిట్లో ఆమే వేసేవారు. పెళ్ళికి ముందు ఊళ్ళో, పెళ్ళయ్యాక హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ గేటు ముందు కూడా. చెరపకుండా, ఒకే పట్టున.

తర్వాతి ఆదివారం ముగ్గుల పుస్తకం తెమ్మన్నాను. పాత రూళ్ళ నోట్‌బుక్, అట్ట ఊడి దారంతో కుట్టి ఉంది. నా కోసం ఒక ముగ్గు వేసి చూపించమంటే పెన్సిల్ తీసుకుని సందు చుక్క, పదిహేను నుంచి ఎనిమిది వరకు, పెట్టుకుంటూ పోయారు. స్కేలు లేదు. నేను స్కేలు పెట్టి చూస్తే చుక్కకీ చుక్కకీ మధ్య దూరం ఎక్కడా ఒక మిల్లీమీటరుకు మించి తేడా లేదు. తర్వాత మెలికలు: చుక్క చుట్టూ తిరిగి, పక్క చుక్క కింద నుంచి వచ్చి, మొదలుపెట్టిన చోటే ముగిసే గీత. చెయ్యి ఎక్కడా ఆగలేదు.

నా ఫైల్లో ఆగస్టు నిర్ధారణను కొట్టేసి కొత్తది రాశాను. చెయ్యికి భయం లేదు. కన్ను దూరాలను కచ్చితంగా కొలుస్తుంది. కాకపోతే ఆ చెయ్యి యాభై ఏళ్ళుగా ఒకే నియమం నేర్చుకుంది, ఇటు వేసింది అటూ రావాలని. వేపాకు ముందు పెట్టినా రాయి ముందు పెట్టినా ఆ నియమమే గీస్తోంది. అంత చక్కగా ఉన్న చెయ్యిని నేను వదులు చేయాలని చూశాను. ఆమెకు పాడవుతున్నట్టు అనిపించిందంటే అనిపించదా మరి.

చుక్కలు ఆకులోంచి తీసుకోవడం

ఇక్కడి నుంచి పద్ధతి మారింది. గీత గీయడానికి ముందు చుక్కలు పెట్టాలి, ముగ్గులో లాగే. కానీ చుక్క ఎక్కడ పెట్టాలో ఆకు చెబుతుంది. ఒక ఆకుకు ఐదు చుక్కలు చాలు: కొన, తొడిమ అంటిన చోటు, ఎడమ పక్క బాగా వెడల్పయిన చోటు, కుడి పక్క బాగా వెడల్పయిన చోటు, ఈనె వంగిన చోటు. దూరం కొలవడానికి పెన్సిలే కొలబద్ద. చేయి చాచి, ఒక కన్ను మూసి, పెన్సిల్ మీద బొటనవేలు గోరుతో గుర్తు పట్టుకుని, అదే కొలత కాగితం మీదకు తేవాలి. చేతిలో పట్టుకునే ఆకైతే పేజీ మీదే పెట్టి కొలవచ్చు.

వేపాకును ఎంచుకోవడం వెనక కారణం ఉంది. మనం వేపాకు అని పిలిచేది నిజానికి ఒక పెద్ద ఆకులోని చిట్టి ఆకు. ఈ చిట్టి ఆకుల్లో సమానంగా ఉండేది ఏదీ లేదు. ఈనె కొడవలిలా వంగుతుంది. ఒక పక్క వెడల్పు, ఒక పక్క ఇరుకు. అన్నిటికన్నా ముఖ్యం అడుగు భాగం: ఒక పక్క పచ్చదనం తొడిమకు దగ్గరగా మొదలైతే, రెండో పక్క కాస్త పైకి జరిగి మొదలవుతుంది. రెమ్మ చివర ఒంటరి ఆకు కూడా తరచూ ఉండదు, జంటలతోనే ఆగిపోతుంది. సమానంగా గీయడం అలవాటైన చెయ్యికి ఇంతకంటే మంచి గురువు దొరకదు.

ఆమె ఆ రోజు చిట్టి ఆకునే పదకొండుసార్లు గీశారు. మొదటి మూడింట్లో చుక్కలు ఒంకరగా పెట్టి, గీత వచ్చేసరికి మళ్ళీ సమానం చేసేశారు. నాలుగోదానికి ఆకు మార్చారు. ఎందుకని అడిగితే "ఇది అవిటి ఆకులా ఉంది, మంచిది చూస్తాను" అన్నారు. రెమ్మంతా వెతికారు. ఇంకో రెమ్మ తెచ్చారు. నేనేమీ చెప్పకుండా పక్కన కూర్చున్నాను. పావుగంట తర్వాత ఆకును కళ్ళకు దగ్గరగా పట్టుకుని, "మేడమ్, రెండు పక్కలూ ఒకే చోట మొదలవడం లేదు. అన్నిటికీ అంతే" అన్నారు.

"రాయండి అమ్మా, ఆ మాటే రాయండి" అన్నాను.

ఆమె జర్నల్లో మొదటి రాత అది. "రెండు పక్కలూ ఒకే చోట మొదలవడం లేదు. 14కి 14." ఏడో బొమ్మ నుంచి ఆకు అడుగు భాగం సరిగ్గా వచ్చింది. పదకొండోదాన్ని వాళ్ళ వీధిలో పిల్లాడు చూసి వేపాకు అని గుర్తుపట్టాడట. అంతకుముందు వేసిన అందమైన బొమ్మను చూపిస్తే వాడు కరివేపాకా అని అడిగాడట.

రాత తెలుగులోనా ఇంగ్లిష్‌లోనా అని అడిగారు. ఆమె జీవితమంతా ఆఫీసు ఇంగ్లిష్ రాశారు. తెలుగులో రాయమని నేను గట్టిగా చెప్పాను. అభిమానం ఒక్కటే దానికి కారణం అనుకోవద్దు. జర్నల్‌కి కావలసిన మాటలు మన దగ్గర సిద్ధంగా ఉన్నాయి. చిగురు, లేతాకు, ముదురాకు, పండుటాకు. మొగ్గ, పూత, పిందె, కాయ, దోరకాయ, పండు. ఒక్కో దశకు ఒక్కో మాట ఉన్నప్పుడు కన్ను ఆ దశను వెతుక్కుంటుంది. 18వ శతాబ్దం చివర్లో సామర్లకోటలో విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లాండ్ వృక్షశాస్త్రవేత్త మన చిత్రకారుల చేతే మొక్కల బొమ్మలు గీయించి, వర్ణనల్లో తెలుగు పేర్లు కూడా నమోదు చేశాడు. ఆ గీసినవాళ్ళ గురించి తలచుకున్నప్పుడల్లా, మన మాటా మన చెయ్యీ ఒకే పేజీ మీద ఉండడం కొత్త సంగతేమీ కాదని నాకు ధైర్యంగా ఉంటుంది.

రంగు: రాళ్ళ దగ్గర మొదలుపెట్టాం

అక్టోబరు వరకు రంగు ముట్టుకోనివ్వలేదు. వానాకాలంలో బయట వాటర్ కలర్ వేయడం కూడా కష్టమే. గాలిలో తేమకు వాష్, అంటే నీళ్ళతో పలచగా పూసిన రంగు, ఆరదు, పేజీ మూస్తే ఎదుటి పేజీకి అంటుకుంటుంది.

ఆమె దగ్గర 24 ట్యూబుల సెట్ ఉంది. మూడే తీసుకోమన్నాను: అల్ట్రామరీన్ నీలం, బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి లాంటి గోధుమ రంగు), నిమ్మపండు పసుపు. డిసెంబరులో ఒక ఎరుపు కలిపాం. రెడీమేడ్ ఆకుపచ్చ ట్యూబును ఇంట్లోనే పెట్టి రమ్మన్నాను. అల్ట్రామరీన్‌లో ఎరుపు ఛాయ ఉంటుంది కాబట్టి పసుపుతో కలిస్తే మెరిసే పచ్చ రాదు, కాస్త మాసిన పచ్చ వస్తుంది. దానికి చిటికెడు సియెన్నా తగిలిస్తే మన రోడ్ల పక్క దుమ్ము పట్టిన కానుగాకు రంగు అచ్చంగా దిగుతుంది.

మొదటి రంగు పాఠం హైదరాబాద్‌లోని కేబీఆర్ పార్క్‌లో. చెట్టు జోలికి పోకుండా ఒక గుండు రాయి ముందు కూర్చున్నాం. హైదరాబాద్ రాళ్ళు దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్. ఉల్లిపొరల్లా పై పొర ఊడుతూ గుండ్రబడతాయి, సందుల్లో సీతాఫలం మొక్కలు మొలుస్తాయి, వాన కారిన దారుల్లో నల్లటి చారలు పడతాయి. రాయి బూడిద రంగు అని ఆమె నలుపులో తెలుపు కలపబోయారు. ఆపి, అల్ట్రామరీన్, సియెన్నా రెండే కలపమన్నాను.

ఇది నాకు చాలా ఇష్టమైన పాఠం, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. ఆ రెండూ కలిస్తే బూడిద రంగు వస్తుంది. నీలం ఎక్కువైతే నీడ పక్క చల్లటి బూడిద, సియెన్నా ఎక్కువైతే ఎండ పడిన పక్క వెచ్చటి గులాబీ బూడిద. ఇంకో మేలు కూడా ఉంది. అల్ట్రామరీన్ రేణువులు నీళ్ళలో ఒకదానికొకటి అంటుకుని గుంపుకడతాయి. గరుకు కాగితం మీద నీళ్ళు ఎక్కువ పెట్టి వేస్తే, ఆరేటప్పుడు అవి కాగితం గుంటల్లో దిగి కూర్చుంటాయి. పేజీ మీద సన్నటి పొడి చల్లినట్టు గరుకుదనం వస్తుంది, రాతిలో కనిపించే రేణువుల్లా. ఆమె బ్రష్ పక్కన పెట్టి, ఆ తడి మచ్చ ఆరేదాకా కళ్ళార్పకుండా చూశారు. "నేను వేయలేదు మేడమ్, అదే వచ్చింది" అన్నారు. రాయి ఆకారానికి మళ్ళీ చుక్కలే. ఏడు చుక్కలు పెట్టారు, ఒక్కటీ సమానంగా లేదు, లడ్డూ పోయి రాయి వచ్చింది.

కాగితం సంగతి ముందే చూసుకోవలసింది. ఆమె మామూలు డ్రాయింగ్ బుక్ తడికి అప్పడంలా లేచేది. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) మందపాటి కాగితానికి మారాక ఆ బాధ తీరింది. 22 అంగుళాలకు 30 అంగుళాల పెద్ద షీటు ఒకటి కొని నిలువునా అడ్డంగా నాలుగేసి భాగాలు చేస్తే పదహారు పేజీలు వస్తాయి. అట్టకు క్లిప్పు పెట్టుకుంటే చాలు. పుస్తకంగా కుట్టుకోవడం తర్వాత. విడి కాగితాలకు ఇంకో లాభం, చెడిపోయిన పేజీ పక్క పేజీని భయపెట్టదు.

చలికాలం మామూలుగా గడిచింది. జనవరిలో ముగ్గుల పని ఉందని రెండు వారాలు రాలేదు, నేను పంపమన్నది గేటు ముందు వేసిన ముగ్గు ఫోటో ఒక్కటే. ఫిబ్రవరిలో మోదుగ పూసింది. నల్లటి ముఖమల్ లాంటి తొడుగులోంచి చిలక ముక్కులా వంగిన నారింజ పువ్వు. దానికి నాలుగు పేజీలు కేటాయించారు. అందులో మూడు బాగున్నాయి.

వేపపూత

ఈ పది నెలల్లో అసలు మలుపు ఉగాది రోజు వచ్చింది.

ఫాల్గుణంలో బాల్కనీ వేప ఆకులన్నీ రాల్చి, రాగి రంగు చిగురు వేసింది. ఆ రంగు కోసం సియెన్నాలో ఎరుపు, పసుపు కలిపి మూడు వారాలు చిగురు ఒక్కటే వేయించాను. రాగి రంగు పచ్చగా మారడం ఆమె తేదీలతో సహా పట్టుకున్నారు. తర్వాత పూత. ఉగాది ముందు రోజు నేను ఆమెకు పది రెట్లు పెద్దదిగా చూపించే చిన్న భూతద్దం ఇచ్చాను. ఎలా చూడాలో కూడా చెప్పాను: అద్దం కంటికి ఆనించి పెట్టుకుని, పువ్వునే దగ్గరకు తెచ్చుకోవాలి.

పండగ రోజు పొద్దున ఆరున్నరకు ఫోన్. "మేడమ్, ఐదు రేకులు. మధ్యలో గొట్టం ఉంది, తెల్లటి గొట్టం. దాని అంచులో పసుపు చుక్కలు ఉన్నాయి. తొమ్మిది లెక్కపెట్టాను, ఇంకో పువ్వులో పది."

పదే సరి. వేప పువ్వులో కేసరాలు విడివిడిగా ఉండవు, అన్నీ కలిసి ఒక గొట్టంలా ఏర్పడతాయి, ఆ గొట్టం లోపలి అంచున పది పుప్పొడి తిత్తులుంటాయి. కానీ అది నేను చెప్పలేదు. ఇంకో ఐదు పూలు చూడమన్నాను. పచ్చడికి దులిపి ఉంచిన పళ్ళెంలోంచి తీసి చూశారు. అన్నిటిలో పదే. తొమ్మిదన్న పువ్వులో ఒకటి రాలిపోయిన గుర్తు కనిపించిందట.

కాసేపు మౌనం. "అరవై ఏళ్ళుగా పచ్చడిలో వేస్తున్నాను" అన్నారు. "మా అమ్మ చేతిలోంచి తీసుకుని వేశాను, నా కోడలికి చూపించాను. ఎన్ని రేకులో ఎప్పుడూ చూడలేదు." ఆమె ఏడుస్తున్నట్టు అనిపించింది. నాకూ గొంతు పట్టేసింది.

ఆ పేజీ వేయడంలో కొత్త చిక్కు వచ్చింది. తెల్ల పువ్వు, తెల్ల కాగితం. "తెల్ల రంగు ట్యూబు తేనా?" అని అడిగారు. వాటర్ కలర్‌లో తెలుపంటే కాగితమే. దాని చుట్టూ ఉన్నది వేస్తే అది బయటపడుతుంది. ఇది చాలామందికి నెలలు పడుతుంది. ఆమెకు ఒక్క వాక్యం సరిపోయింది: "అమ్మా, ముగ్గులో నేల వదిలేసి తెలుపు వేస్తారు కదా. ఇక్కడ తెలుపు వదిలేసి నేల వేయండి."

ఐదు రేకుల కొనలకు ఐదు చుక్కలు, గొట్టం నోటికి ఒక సున్నా. రేకుల మధ్య సందుల్లో మాసిన పచ్చ. ఆరాక, రేకు గొట్టాన్ని తాకే చోట మాత్రం పలచటి నీలి బూడిద నీడ, రాయికి వాడిన రంగే, పదింతలు నీళ్ళతో. పువ్వు పేజీలోంచి లేచి నిలబడింది. రేకులు సమానంగా లేవు. ఒకటి వెనక్కి మడిచి ఉంది, ఒకదాని అంచు చీమ కొరికినట్టుంది. పాత చెయ్యి అయితే ఆ రెండూ దిద్దేసేది. పేజీ మూలలో పసుపు మరక ఒకటుంది, పచ్చడి పనిలో ఉండగా వేసింది కాబట్టి. దాన్ని ఏం చేయాలని అడిగితే బాణం గుర్తు పెట్టి "పసుపు, ఉగాది" అని రాయమన్నాను.

ఏం మిగిలింది

ఏప్రిల్, మే ఎండలు వేరే పాఠం నేర్పాయి. బ్రష్ ఎత్తేలోపు వాష్ ఆరిపోయి అంచులు గట్టిపడేవి. కాగితాన్ని ముందు రెండుసార్లు తడపడం, బొమ్మ చిన్నది చేసుకోవడం, ఏడున్నరలోపే ముగించడం, ఇంతకు మించి దారి నాకూ దొరకలేదు.

జూన్‌లో ఆగస్టు నాటి మూడు పనులే మళ్ళీ ఇచ్చాను. ఆకు బాగా మారింది, రాయి ఇంకా బాగా మారింది. దూరపు చెట్టు మాత్రం సగమే మారింది. కొమ్మల మధ్య కనిపించే ఆకాశం ముక్కల ఆకారాలను గీయమంటే ఇంకా తడబడతారు. బొటనవేలి కీలు నొప్పి వల్ల అరగంట తర్వాత గీత బరువెక్కుతుంది. లావు పెన్సిల్‌కి మార్చాం, కొంత నయం. రంగుల పొందిక మీద మేము అసలు పని చేయనేలేదు.

పిట్టలు ఆమెకు ఇంకా లొంగలేదు. హైదరాబాద్ పక్కనున్న అమీన్‌పూర్ చెరువు 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందింది. చలికాలంలో అక్కడికి రెండుసార్లు తీసుకెళ్ళాను. నామాల కోళ్ళు నీటి మీద జరిగిపోతుంటే చుక్క పెట్టడానికి టైమే దొరకలేదు. చుక్కల పద్ధతికి కదలకుండా ఉండే వస్తువు కావాలి, అది దాని పరిమితి. గట్టు మీద గుడ్డికొంగ ఒకటి పది నిమిషాలు బిగుసుకుని నిలబడింది కాబట్టి దాన్ని మాత్రం వేయగలిగారు. అది ఎగిరినప్పుడు గోధుమరంగు పిట్ట ఒక్కసారిగా తెల్లగా మారిపోవడం చూసి బొమ్మ వదిలేసి ఆ మాటే రాశారు. అది సరైన నిర్ణయమని నా ఉద్దేశం.

ఇంకో టీచర్‌కి ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ కేస్ తర్వాత నేను ఉత్సాహపడి ముగ్గు రాని ఇద్దరికి కూడా చుక్కలు చెప్పాను. ఒక ఇంటర్ కుర్రాడికి అది లెక్కల పనిలా అనిపించి విసుగొచ్చింది. అతనికి నేను ఈమెకు ఇచ్చి చెడగొట్టిన ఎక్సర్‌సైజే, కాగితం చూడకుండా గీయడమే, చక్కగా పనిచేసింది. బ్లౌజులు కుట్టే ఒకామెకు మాత్రం చుక్కలు వెంటనే అందాయి, చాక్‌పీసు గుర్తులు ఆమెకు రోజూ ఉన్న పనే కదా. ఇప్పుడు మొదటి రోజు ఆకు, రాయి, చెట్టు ఇవ్వడానికి ముందు, "మీ చేతికి ఇప్పటికే ఏ పని వచ్చు?" అని అడిగి, అరగంట ఆ పని చూస్తున్నాను.

ఆమె ఫైల్లో ఆఖరి పేజీ జూన్ నెలాఖరుది. వేపపళ్ళు పసుపు తిరిగి రాలుతున్న రోజులు. పండు నాలుగు దశల్లో వేశారు, కాయ, దోరకాయ, పండు, ఒలిచిన గింజ, పక్కన మిల్లీమీటర్లతో. కింద రాత: "రాత్రి తొమ్మిదికి గోడ తుడిచాను. పొద్దున అయిదుంపావుకి 14 గింజలు, గుజ్జు నాకేసి ఉన్నాయి. కాకులు, గోరువంకలు అప్పటికి ఇంకా రాలేదు. రాత్రి ఎవరు తిన్నారు?" గబ్బిలాలు కావచ్చని ఆమె అనుమానం, పేజీలో ఆ మాట రాసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టారు. బాల్కనీలో లైటు ఆర్పి, రాత్రి ఎనిమిది నుంచి కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారట. పేజీలో కుడి పక్క సగం ఖాళీగా వదిలిపెట్టారు.